ఎముక మజ్జ, కిడ్నీ ఇచ్చేవాళ్లకి సెలవు దొరుకుతుందా? దొరికినా తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఉంటుందా?

పక్కబెంచి
అందరికీ నమస్కారం. మా అక్కకి ఎముక మజ్జ మార్పిడి చేయాలన్నారు. ఇంట్లో అందరికీ హెచ్‌ఎల్‌ఏ పరీక్ష (ఎవరి మజ్జ సరిపోతుందో చూసే రక్తపరీక్ష) చేస్తే నాది పూర్తిగా సరిపోయింది. ఇవ్వడం విషయంలో రెండో మాట లేదు, భయమంతా ఆఫీసు గురించే. ప్రైవేటు ఉద్యోగం, చేరి ఏడాది కూడా కాలేదు, ఉన్న క్యాజువల్ లీవులు అక్కతో ఆస్పత్రికి తిరగడంలోనే అయిపోయాయి. హెచ్‌ఆర్‌ని అడిగితే "మీకు జబ్బేమీ లేదు కదా, సిక్ లీవ్ ఎలా ఇస్తాం, లాస్ ఆఫ్ పే పెట్టుకోండి, తిరిగొచ్చాక ప్రాజెక్టులో చోటు ఉంటుందో లేదో మీ మేనేజర్ని కనుక్కోండి" అన్నారు. మేనేజరేమో హెచ్‌ఆర్‌నే అడగమంటాడు. మాలాంటివాళ్లకి చట్టం ఏమైనా ఉందా? ఎన్ని రోజులు అడగాలి? ఇచ్చినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

నైట్‌డ్యూటీ
నేను ట్రాన్స్‌ప్లాంట్ విభాగంలో పనిచేస్తాను కాబట్టి రోజుల సంగతి చెప్తాను, చట్టం తెలిసినవాళ్లు మిగతాది చెప్తారు. ముందు మీ డాక్టర్ని ఒకటి అడగండి, రక్తంలోంచి తీస్తారా, ఎముకలోంచి తీస్తారా అని. ఇప్పుడు ఎక్కువగా రక్తంలోంచే తీస్తున్నారు. వరుసగా నాలుగైదు రోజులు జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తారు, దాంతో మజ్జలో రక్తకణాల్ని పుట్టించే స్టెమ్ సెల్స్ రక్తంలోకి వస్తాయి, ఐదో రోజున మెషీన్ మీద 4 నుంచి 6 గంటలు కూర్చోబెట్టి వాటిని వేరుచేస్తారు, చాలకపోతే మర్నాడు మళ్లీ. ఇంజెక్షన్ల రోజుల్లో ఎముకల నొప్పులు, తలనొప్పి మామూలే, తీయడం అయిపోయాక కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. అదే ఎముకలోంచి అయితే మత్తిచ్చి, తుంటి ఎముక వెనకవైపు నుంచి సూదులతో లాగుతారు. గంట, రెండు గంటల పని. నడుము నొప్పి వారం దాకా ఉండొచ్చు, కొందరికి ఇంకా ఎక్కువే. తీసిన మజ్జని 4 నుంచి 6 వారాల్లో ఒళ్లే తిరిగి తయారుచేసుకుంటుంది.

ఆఫీసులో చెప్పాల్సిన అసలు సంగతి ఇది కాదు. మీరు ఇచ్చే తేదీకి దాదాపు వారం ముందు మీ అక్కకి కండిషనింగ్ మొదలవుతుంది, అంటే గట్టి కీమోతో ఆవిడ సొంత మజ్జని నాశనం చేస్తారు. అది మొదలయ్యాక "ఈ వారం రిలీజ్ ఉంది, వచ్చే వారం వెళ్లు" అంటే కుదరదు, ఆవిడ ప్రాణం మీదికి వస్తుంది. కంపెనీ వాడు జరపమన్నా జరగని తేదీ అది. ఈ ఒక్క ముక్క మీ డాక్టర్ చేత కాగితం మీద రాయించండి.

గుమస్తాగిరి
కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే ఉంది. అవయవం ఇస్తే స్పెషల్ క్యాజువల్ లీవ్, 2017లో 30 రోజులుండేది, 2023 ఏప్రిల్లో డీఓపీటీ (కేంద్ర సిబ్బంది శాఖ) దాన్ని 42 రోజులు చేసింది. జీతం పోదు, మన ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్) ఖాతా తగ్గదు. ఏ రకం ఆపరేషన్ అయినా గరిష్ఠం 42. మామూలుగా ఆస్పత్రిలో చేరిన రోజు నుంచి మొదలు, డాక్టర్ రాసిస్తే ఆపరేషన్‌కి వారం ముందు నుంచి కూడా తీసుకోవచ్చు. మా సెక్షన్లో ఒకాయన భార్యకి కిడ్నీ ఇచ్చినప్పుడు ఆ ఫైలు నా టేబుల్ మీదుగానే వెళ్లింది. సెలవు మంజూరు కావడంలో పేచీ ఏమీ రాలేదు కానీ అంతకుముందు టెస్టుల కోసం తిరిగిన రోజులన్నీ ఆయన సొంత సెలవులే.

పక్కబెంచి
నాది ప్రైవేటు అండి.

గుమస్తాగిరి
అవును, ఈ ఆర్డరు మీకు వర్తించదు. ఇంకోటి, అందులో ఉన్నది అవయవ దానం గురించి. మజ్జ, స్టెమ్ సెల్స్ ఇచ్చే ప్రభుత్వోద్యోగులెవరైనా దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకుండా ముందు తమ ఆఫీసులో రాతపూర్వకంగా అడగడం మంచిది.

మొండిఘటం
ఎవరికీ నచ్చదని తెలిసే రాస్తున్నా. ఏడాదికి ఒక కంపెనీలో ఎంతమంది కిడ్నీ ఇస్తారు? పది వేలమందిలో ఒకడు? దానికో చట్టం, దానికో రూలు, దానికో ఫారం. మేనేజర్ మంచివాడైతే సర్దుతాడు, కాకపోతే చట్టం ఉన్నా ఏదో వంక పెట్టి పంపేస్తాడు.

లాపాయింటు
మొండిఘటం గారూ, ఇచ్చేవాళ్లు తక్కువ కాబట్టే చట్టం పెట్టినా యజమానికి భారం తక్కువ. మేనేజర్ మంచితనం మీద వదిలేస్తే ఏమవుతుందో పైన పక్కబెంచి గారి పోస్టులోనే ఉంది, ఒకరి మీద ఒకరు తోసుకుంటున్నారు.

అసలు చిక్కు ఎక్కడంటే, ఉద్యోగ చట్టాల్లో సెలవులన్నీ ఒక లెక్కలో కట్టారు. జబ్బు చేస్తే ఒకటి, ప్రసవానికి ఒకటి, సొంత పనికి ఒకటి. దాత వీటిలో దేనికీ చెందడు. ఒంట్లో ఏ రోగమూ లేని మనిషి, పైగా ఏ రోగమూ లేదని పరీక్షలు చేసి తేల్చాకే తీసుకుంటారు, అలాంటివాడు కావాలని ఆపరేషన్‌కి వెళ్తున్నాడు. అందుకే హెచ్‌ఆర్ "మీకు జబ్బు లేదు కదా" అనగలిగింది. అమెరికాలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడ ఎఫ్‌ఎంఎల్‌ఏ అని 1993 నాటి చట్టం ఉంది, ఏడాదిలో 12 వారాలు జీతం లేని సెలవు ఇచ్చి ఉద్యోగం మాత్రం కాపాడుతుంది, అదీ తీవ్రమైన ఆరోగ్య సమస్య ఉంటేనే. పూర్తి ఆరోగ్యంతో ఉండి వేరేవాళ్ల కోసం అవయవం ఇస్తే అది ఈ చట్టం కిందికి వస్తుందా అని అడిగితే, వస్తుందని అక్కడి కార్మిక శాఖ 2018లో లేఖ ఇచ్చింది. ఆస్పత్రిలో రాత్రి ఉండాల్సి వచ్చినా, తర్వాత వైద్యం కొనసాగినా సరిపోతుంది, ఆపరేషన్ ఎవరి మేలు కోసం అన్నది అడ్డు కాదు అని. అంటే చట్టం వచ్చిన పాతికేళ్లకి గానీ ఆ సంగతి కాగితం మీదికి రాలేదు.

దూరపుచుట్టం
లాపాయింటు గారు చెప్పింది నిజమే కానీ ఎఫ్‌ఎంఎల్‌ఏ అందరికీ రాదు. కంపెనీలో 50 మంది ఉండాలి, మనం ఏడాది పనిచేసి ఉండాలి, ఆ ఏడాదిలో 1,250 గంటలు నిండాలి. పక్కబెంచి గారిలా కొత్తగా చేరినవాళ్లకి అక్కడా సున్నే. రాష్ట్రాల చట్టాలు కొన్ని ఇంతకన్నా నయం. కాలిఫోర్నియాలో 2011 నుంచి 15 మంది పైన ఉన్న ప్రతి కంపెనీ అవయవ దాతకి 30 పనిదినాలు, మజ్జ దాతకి 5 పనిదినాలు జీతంతో ఇవ్వాలి, 2020 నుంచి అవయవ దాతకి జీతం లేకుండా ఇంకో 30. చేరి 90 రోజులైతే చాలు. తిరిగొచ్చాక అదే పోస్టు గానీ దానికి సమానమైనది గానీ ఇవ్వాలి, ఆరోగ్య బీమా ఆపకూడదు, సెలవు అడిగినందుకు కక్ష కట్టకూడదు, ఇవన్నీ చట్టంలోనే రాసి ఉన్నాయి. న్యూయార్క్‌లో మజ్జ దాతకి 24 పనిగంటలు మాత్రమే, అదీ 20 మంది పైన ఉన్న చోట. ఐదు రోజులు ఇంజెక్షన్లు వేయించుకునేవాడికి మూడు షిఫ్టుల సెలవు! అక్కడి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగులకైతే 1999 చట్టంతో అవయవానికి 30 రోజులు, మజ్జకి 7.

మొండిఘటం
అదే నేననేది. ఒక్కో చోట ఒక్కోలా. 7 రోజులట, 5 రోజులట, 24 గంటలట. వీళ్లు డాక్టర్ని అడిగి రాశారా, చీట్లు తీసి రాశారా?

నైట్‌డ్యూటీ
మజ్జకి 5 నుంచి 7 పనిదినాలంటే చాలామందికి సరిపోతుంది, కూర్చుని చేసే పనైతే. బరువులెత్తే పని, నిలబడి చేసే పని అయితే ఇంకొన్ని రోజులు పడుతుంది. కిడ్నీకి 4 నుంచి 6 వారాలంటాం, చిన్న కోతలతో చేసే లాపరోస్కోపీ అయినా సరే, ఎందుకంటే లోపల మానాలి, ఆ ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. లివర్ అయితే 6 నుంచి 12 వారాలు. పెద్దవాళ్లకి ఇచ్చేటప్పుడు కుడివైపు భాగం తీస్తారు, అంటే సగం పైనే, అది తిరిగి పెరగడానికి రెండు మూడు నెలలు కావాలి, మనిషి అప్పటిదాకా నీరసంగానే ఉంటాడు. కాబట్టి 42 రోజులన్నది కిడ్నీకి బాగానే ఉంది, లివర్‌కి చాలదు. రెండింటికీ ఒకే అంకె పెట్టడం నాకెప్పుడూ నచ్చలేదు.

వర్క్‌షాపు_ఓనర్
ఇంతసేపూ చదువుతున్నా, యజమాని వైపు ఒక్కరూ లేరు కాబట్టి నేనే మాట్లాడతా. నా దగ్గర పనిచేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. లేత్ మెషీన్ మీద నమ్మకంగా పనిచేసేవాడు ఒక్కడే. వాడు రెండు నెలలు రాకపోతే ఆర్డర్లు ఆగుతాయి, జీతం మాత్రం ఆగకూడదంటే ఎక్కణ్నుంచి తేవాలి? మనసు లేక కాదండీ. మా కుర్రాడి తండ్రికి ఆపరేషన్ అయినప్పుడు అడ్వాన్సు ఇచ్చి పంపినవాణ్ణే. కానీ అది నేను ఇష్టపడి ఇచ్చింది, రేపు చట్టం పెట్టి ఇవ్వమంటే వేరే సంగతి. పెద్ద కంపెనీల లెక్కలు మా మీద రుద్దకండి.

లాపాయింటు
ఓనర్ గారూ, మీ బాధ న్యాయమైనదే, అందుకే చాలా చోట్ల 15 మంది, 20 మంది, 50 మంది అని గీత గీశారు. కానీ ఆ గీత కింద పడ్డ కార్మికుడికి ఏ దిక్కూ లేదు. జర్మనీ వాళ్లు దీనికి ఇంకో దారి పట్టారు. 2012 నుంచి అవయవ దాతకి యజమాని 6 వారాల దాకా జీతం ఇవ్వాలి, ఆ డబ్బు మాత్రం అవయవం ఎవరికి అందిందో వాళ్ల ఆరోగ్య బీమా నుంచి తిరిగి రాబట్టుకుంటాడు. తర్వాత స్టెమ్ సెల్ దాతల్నీ ఇందులో చేర్చారు. న్యూజిలాండ్‌లో ప్రభుత్వమే నేరుగా దాతకి పోయిన సంపాదన పూర్తిగా ఇస్తుంది, 12 వారాల దాకా, 2016లో చట్టం చేశారు, సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకీ వస్తుంది.

నా లెక్కలో ఇదే సరైనది. కిడ్నీ మార్పిడి జరిగితే ఆ రోగికి డయాలసిస్ ఖర్చు ఆగుతుంది, లాభపడేది బీమా సంస్థ, ప్రభుత్వం. ఖర్చు మాత్రం లేత్ మెషీన్ యజమాని ఎందుకు మొయ్యాలి?

వర్క్‌షాపు_ఓనర్
అలా తిరిగి వచ్చేట్టయితే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ డబ్బు ఎన్నాళ్లకి వస్తుంది అన్నది కూడా చూడాలి, మాకు రావాల్సిన బిల్లులే ఆరు నెలలకి గానీ రావు. మనిషి లేని లోటు ఎలాగూ ఉంటుంది, అది నేను చూసుకుంటా. ఉద్యోగం తీసేయనని రాసిమ్మంటే ఇప్పుడే రాసిస్తా.

అరిటాకు
ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మన దేశంలో బతికుండగా అవయవాలిచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. ఎందుకని అడిగితే "ఆయన సంపాదించేవాడు, ఆయన మంచాన పడితే ఇల్లు గడవదు" అంటారు. అన్నదమ్ములు ఉన్నా "వాడికి ఉద్యోగం, సెలవు దొరకదు" అని, చివరికి తల్లో భార్యో అక్కో ఇస్తుంది. అంటే మగవాడికి సెలవు లేకపోవడం వల్ల ఆపరేషన్ బల్ల ఎక్కేది ఆడది. ఆవిడకి ఉద్యోగం ఉంటే ఆవిడే మానేస్తుంది, ఉద్యోగం లేకపోతే ఇంటి పనికి సెలవు ఇచ్చేదెవరు, ఆరు వారాలు బరువులెత్తొద్దు అంటే బిందె ఎత్తకుండా, పిల్లాణ్ణి ఎత్తుకోకుండా ఉండగలిగిన ఇల్లాలెక్కడుంది. ఉద్యోగానికి భద్రత ఇస్తే కనీసం ఆ ఒక్క వంక పోతుంది.

మొండిఘటం
ఇది మాత్రం ఒప్పుకుంటా. కానీ మీరన్నదాని రెండో వైపు కూడా చూడండి. నాకు తెలిసినాయన, బావమరిదికి కిడ్నీ ఇవ్వడం ఆయనకి ఇష్టం లేదు. ఆ మాట ఇంట్లో అనలేడు. "ఆఫీసులో సెలవు ఇవ్వట్లేదు" అనే మాట ఆయన్ని కాపాడింది. రేపు చట్టం వచ్చి 42 రోజులు జీతంతో ఇస్తాం అంటే అలాంటివాడు ఏం చెప్పి తప్పించుకోవాలి? సెలవు దానంతటదే ఒత్తిడి అయిపోదా?

నైట్‌డ్యూటీ
మంచి ప్రశ్న, మేం రోజూ చూసేదే. దాతతో విడిగా, ఇంటివాళ్లెవరూ లేకుండా మాట్లాడతాం. అక్కడ "నాకిష్టం లేదు" అంటే చాలు, బయటికొచ్చి "దాతగా సరిపోరు" అని మాత్రమే చెప్తాం, కారణం చెప్పం. ఆ మాట చివరి నిమిషం దాకా, మత్తు ఇచ్చే ముందు కూడా అనొచ్చు. మజ్జ విషయంలో మాత్రం ఆలోచించుకోవాల్సింది కండిషనింగ్‌కి ముందే, ఎందుకో పైన రాశాను. కాబట్టి ఇష్టం లేనివాడికి కవచం ఆస్పత్రి ఇవ్వాలి, ఆఫీసు కాదు. ఆఫీసు వంక ఇష్టం ఉన్నవాణ్ణి కూడా ఆపేస్తుంది.

దూరపుచుట్టం
కెనడాలో ఉన్న మా కజిన్ తన తమ్ముడికి లివర్ ఇచ్చాడు. అక్కడి ఒంటారియో రాష్ట్రంలో అవయవ దాత సెలవు 13 వారాలు, డాక్టర్ రాస్తే ఇంకో 13 దాకా పొడిగించుకోవచ్చు. జీతం మాత్రం యజమాని ఇవ్వక్కర్లేదు, ఉద్యోగం భద్రం అంతే. వాడికి వచ్చిన ఇబ్బందల్లా తిరిగి చేరాక. అదే పోస్టు, అదే జీతం, కానీ పెద్ద క్లయింటుని ఇంకొకరికి ఇచ్చేశారు, ఏడాది చివర అప్రైజల్లో "కీలక సమయంలో అందుబాటులో లేడు" అని రాశారు. హెచ్‌ఆర్‌కి రాసి, సెలవు కాలాన్ని లెక్కలోంచి తీసేయించాడు. కుర్చీ ఇచ్చినంత మాత్రాన ఉద్యోగం కాపాడినట్టు కాదు, కాబట్టి ఏ ఏ పనులు చూస్తున్నారో సెలవుకి ముందే మెయిల్లో రాసి పెట్టుకోండి.

గుమస్తాగిరి
టెస్టుల సంగతి మళ్లీ చెప్తున్నా, ఎందుకంటే అందరూ ఆపరేషన్ రోజులే లెక్కేస్తున్నారు. రక్తపరీక్షలు, స్కాన్లు, గుండె డాక్టర్, మానసిక వైద్యుడు, దగ్గరి బంధువు కాకపోతే దానానికి అనుమతిచ్చే ఆథరైజేషన్ కమిటీ ముందుకి వెళ్లడం, అన్నీ వేర్వేరు రోజుల్లో పడతాయి. ఇదంతా తిరిగాక "మీ కిడ్నీ పనికిరాదు" అంటే దాత కాడు, ఆ సెలవూ రాదు. ఆ తిరిగిన రోజులు ఎవరి ఖాతాలో? ఇవ్వడానికి ముందుకొచ్చినవాడిక్కూడా ఏదో ఒకటి ఉండాలి.

సగంజీతం
మా ఇంట్లో పుచ్చుకున్నది నా భర్త, ఇచ్చింది నేను. ఇద్దరం ఒకేసారి పనికి వెళ్లకుండా కూర్చున్నాం, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా అమ్మ కూడా తన పని మానుకుని వచ్చింది. నాకు ఆఫీసులో సెలవు ఇచ్చారు, తిరిగి తీసుకున్నారు, వాళ్లని తప్పు పట్టను. కానీ జీతం లేని సెలవుని పెద్ద మేలులా చెప్పేవాళ్లు ఒక్క సారి ఆ నెల ఇంటి అద్దె ఎవరు కట్టారో అడగండి. ఒకే ఇంట్లోంచి దాత, రోగి ఇద్దరూ ఉన్నప్పుడు జీతం లేని సెలవు డబ్బున్నవాళ్లకే పనికొస్తుంది.

పక్కబెంచి
అందరికీ చాలా థ్యాంక్స్. రేపు మెయిల్ పెడదామనుకుంటున్నా. ఏం రాయాలి?

లాపాయింటు
సిక్ లీవ్ అని అడగొద్దు, అది వాళ్లు ఒకసారి తోసేశారు. "వైద్య ప్రక్రియ కోసం సెలవు, ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు" అని రాయండి. నైట్‌డ్యూటీ గారు చెప్పినట్టు తేదీ ఎందుకు మారదో డాక్టర్ ఉత్తరం జతచేయండి, అందులో మీ అక్క జబ్బు వివరాలు అక్కర్లేదు, ఆవిడ అనుమతి లేకుండా పెట్టకూడదు కూడా. జీతంతో ఇవ్వమని మొదట అడగండి, కాదంటే అడ్వాన్సు లీవు, అదీ కాదంటే లాస్ ఆఫ్ పే. కానీ మూడింటిలో ఏది ఇచ్చినా, "ఇదే హోదాలో, ఇదే జీతంతో తిరిగి చేరతానని, ఈ గైర్హాజరుని ప్రొబేషన్‌లో గానీ అప్రైజల్లో గానీ లెక్కించరని నిర్ధారించగలరు" అన్న వాక్యం ఉండాలి. హెచ్‌ఆర్‌కీ మేనేజర్‌కీ ఒకే మెయిల్లో పెట్టండి, అప్పుడు ఒకరినొకరు అడగమనే ఆట ఆగుతుంది. నోటిమాటగా ఏం చెప్పినా సాయంత్రానికి "మీరు చెప్పినదాని ప్రకారం" అని తిరిగి మెయిల్ కొట్టండి.

వర్క్‌షాపు_ఓనర్
యజమానిగా ఒక్క మాట కలుపుతా. మీరు లేనప్పుడు ఆ పని ఎవరు చూస్తారో కూడా మీరే రాయండి. మేం ముందు భయపడేది దానికే. అది కనబడితే సగం మంది సంతకం పెట్టేస్తారు.

నైట్‌డ్యూటీ
ఇంజెక్షన్ల మొదటి రెండు రోజులు చాలామంది పనికి వెళ్తారు కానీ మీరు వాటిని కూడా సెలవులోనే వేసుకోండి. తీసే రోజు, దాని మర్నాడు, ఆ తర్వాత రెండు మూడు రోజులు. ఎముకలోంచి అని తేలితే వారం పైన అడగండి, మిగిలితే ముందే వెళ్లి చేరొచ్చు, చాలకపోతే మంచం మీద నుంచి పొడిగింపు అడగడం కష్టం.

పక్కబెంచి
పంపాను, ఇద్దరికీ ఒకే మెయిల్లో. పని చూస్తానని పక్క సీటు అమ్మాయి ఒప్పుకుంది, ఆ మాటా రాశాను. మేనేజర్ వెంటనే "మాట్లాడదాం" అని పెట్టాడు, మెయిల్లోనే చెప్పమన్నాను. జవాబు రాగానే ఇక్కడ పెడతా.

కొత్తగావచ్చా
ఇదే చర్చలో అడగొచ్చా? మా నాన్నకి లివర్ ఇవ్వాలి, నేను డెలివరీ పని చేస్తాను, బండి మీద. నాకు కంపెనీ అని ఒకటి లేదు, యాప్ అంతే. ఇవన్నీ నాకు వర్తిస్తాయా?

లాపాయింటు
తమ్ముడూ, పైన చెప్పినవి చాలావరకు ఉద్యోగి అని కాగితం ఉన్నవాళ్లకే. కాబట్టి ముందు రెండు పనులు చెయ్యి. ఆస్పత్రిలో సోషల్ వర్కర్ ఉంటారు, దాతకి ఆదాయం పోతుందని వాళ్లకి చెప్పు, సాయం ఎక్కడ దొరుకుతుందో దారి చూపిస్తారు. యాప్ వాళ్లకి ఖాతా ఆపొద్దని, రేటింగ్ తగ్గించొద్దని ఇప్పుడే రాసి స్క్రీన్‌షాట్ దాచుకో. లివర్ అంటే రెండు మూడు నెలలు బండి ఎక్కవు, ఆ లెక్కనే ఇంట్లో మాట్లాడుకోండి.